లారీ బోల్తాపడ్డ మలుపులో

ఆకును ముందు నుంచి చూసి తీర్పు చెప్పకు,
అని మొదటి రోజే చెప్పారు నాకు.
వెనక్కి తిప్పు. వెలుగుకెదురుగా పట్టు.
అడుగు కొమ్మల నుంచి మొదలుపెట్టు,
ఎండ చొరని చోట,
మంచు మధ్యాహ్నం దాకా ఆరని చోట.

పదహారేళ్లుగా పరానా ఎర్రమట్టి దారుల్లో
మెడలో భూతద్దం, జేబునిండా కాగితపు సంచులు,
ఆకుల వీపులు చదివే ఉద్యోగం నాది.

గుండ్రటి బూడిదరంగు మచ్చ, చుట్టూ ఎర్రగోధుమ అంచు:
అది కప్పకన్ను. రెప్ప వెయ్యదు.
మచ్చ కోణాలు తేలి, తడిసినట్టుండి, పసుపు వలయం కట్టిందా
అది బ్యాక్టీరియా, శిలీంధ్రాల మందు కొట్టి డబ్బు తగలెయ్యకు.
పైన లేతపసుపు చుక్క, కింద బూడిద నూగు ఉంటే బూజు,
నాలుగు రోజులు ఎండ కాస్తే తగ్గుముఖం పడుతుంది.
ఇక తుప్పు.
తుప్పు మాత్రం పేరు చెప్పుకోదు.
సూదిమొనంత. చెమటకాయంత కూడా కాదు.
అనుమానమొస్తే ఆ ఆకుని తడి కాగితంతో సంచిలో కట్టి
రాత్రంతా వంటింట్లో వెచ్చగా ఉంచు.
తెల్లారేసరికి చిన్న చిన్న పుట్టలు లేచి
నోళ్లు తెరిచి పొడి కక్కుతాయి.

ఎస్తనిస్లావ్‌తో ఒకసారి గొడవపడ్డాను.
ఆకులు పసుపెక్కాయని ట్యాంకు నింపి ట్రాక్టరెక్కేశాడు.
దిగు, అన్నాను.
గింజ నిండింది, అది ముసలితనం,
ముసలితనానికి మందు కొడతావా?
తన బట్టతల తడుముకుని, నవ్వి, దిగాడు.
ఆయన భార్య జెనైదె మాతే కలిపి తెచ్చింది.
ఒకే గొట్టం, ముగ్గురం.

ఇప్పుడు జూలై. చలి.
ఈ తొంభై రోజులూ మా వైపు
ఒక్క సోయా మొక్క కూడా బతికుండకూడదని చట్టం.
తుప్పుకి పచ్చటి ఆకే ఊపిరి.
ఆకు దొరక్కపోతే పస్తు, పస్తు ముదిరితే చావు.
కంచెల వెంట, కల్వర్టుల పక్కన, గోదాము గోడల కింద
రాలి మొలిచినవన్నీ పీక్కుంటూ వస్తున్నాను.

మలుపు దగ్గర తెల్ల సిలువ.
లౌరిందో, జెనైదె తమ్ముడు.
రేవుకి సోయా తోలుకెళ్తూ వానలో ఇక్కడే బోల్తాపడ్డాడు.
ముప్పై టన్నుల గింజ రోడ్డు మీద వాగై పారిందట.
ఆ పై వారం సిలువ పాతడానికి వస్తే
ఇక్కడంతా మొలకలట.
ఏటా ఒకటి ఎలాగో మిగులుతుంది.
ఆవిడ సీసాతో నీళ్లు తెచ్చి పోస్తుంది.
మొన్న మంచు గడ్డకట్టిన రాత్రి
దానికి గోనెపట్టా కప్పిందని చెప్పుకున్నారు.

మోకాళ్ల మీద కూర్చున్నాను.
చూడనట్టు వెళ్లిపోవచ్చు. ఒక్క మొక్క.
అడుగు ఆకు తిప్పాను.
భూతద్దం కంటికి ఆనకముందే వేలికంటింది
ఇటుకపొడి రంగు.

వెనక అడుగుల చప్పుడు. చేతిలో సీసాతో జెనైదె.
నేనేం చెప్పలేదు, భూతద్దం ఇచ్చాను.
చాలాసేపు చూసింది.
ఇది ఎంత దూరం పోతుంది? అంది.
గాలి పోయినంత.
మా పొలం దాకానా?
గాలి గట్టిగా వీస్తే సముద్రం దాకా.

వాడూ అక్కడికే బయల్దేరాడు, అంది.

తనే వేళ్లతో సహా పెకిలించింది.
పొడి రాలకుండా, నిద్రపోయే పిల్లాణ్ణి ఎత్తినట్టు
సంచిలోకి దించి మూతి బిగించింది.
సీసాలో నీళ్లు మాత్రం ఆ గుంటలోనే ఒంపేసింది,
మళ్లీ ఇంటికి మోసుకుపోవడమెందుకని.

బండిలో కూర్చుని కాగితం నింపాను.
స్థలం. తేదీ. తెగులు: తుప్పు. మొక్కలు: ఒకటి.
ఎవరు పెంచారు, అని ఒక గడి ఉంటుంది.
కలం కాసేపు ఆగింది.
దానంతటదే మొలిచింది, అని రాశాను.